నాలుగోవాడి పాస్‌పోర్టు

డండాక్‌లో మా ఇంటి నుంచి ఉత్తర ఐర్లండ్ సరిహద్దు కారులో పది నిమిషాలు. సరిహద్దు అంటే అక్కడ గేటూ లేదు, కాపలావాడూ లేడు. రోడ్డంచున పసుపు గీత పోయి తెల్ల గీత వస్తుంది, బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్లు వస్తాయి. మా ఆవిడా, అమ్మాయీ కబుర్లు చెప్పుకుంటూ ఆ గీత దాటేసి న్యూరీలో సరుకులు కొనుక్కొస్తారు. నేను దాటను. అటువైపు నేల బ్రిటన్ కిందికి వస్తుంది. నాది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి వీసా కావాలి.

మా ఆవిడ ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఆమెకీ, ఆమె వల్ల అమ్మాయికీ ఐరిష్ పౌరసత్వం ఎప్పుడో వచ్చేసింది. నేను మధ్యలో రెండేళ్లు కంపెనీ పని మీద హైదరాబాద్‌లో ఉండిపోయాను, దాంతో ఇక్కడ ఉన్న ఏళ్ల లెక్క నాకు మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు దరఖాస్తు పెట్టుకుని కూర్చున్నాను. ఊళ్లో మన తెలుగువాళ్లు కొందరు వీసా లేకుండానే అటు వెళ్లొస్తుంటారు, ఏం కాదంటారు. కానీ తిరుగు బస్సులో అప్పుడప్పుడు గార్డ్స్ ఎక్కుతారు. ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు. ఎక్కి, మొహాలు చూసి మరీ కార్డులు అడుగుతారు. ఆ అడిగే మొహాల్లో నాది మొదటిది అవుతుందని నాకు తెలుసు. నేను భయస్తుణ్ణి. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది, మిగతాదంతా దాని ప్రతాపమే.

కిందటేడు ఆకులు రాలే రోజుల్లో ఒక ఈమెయిల్ వచ్చింది. పంపినవాడు ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో మా బ్యాండుకి పాటగాడు. గొంతులో క్యాన్సర్, ఆపరేషన్ రోజు ఖాయమైంది, ఆ లోపల ఒక్కసారి మన నలుగురం కలిసి వాయించాలని ఉంది అని రాశాడు. మాతో బేస్ గిటార్ వాయించిన అమ్మాయి బెల్‌ఫాస్ట్ అతన్ని పెళ్లి చేసుకుని అక్కడే ఉంటోందట. వాళ్ల వీధి చర్చి హాలు ఒక శనివారం మధ్యాహ్నానికి మాట్లాడి పెట్టిందట. మన గిటారువాడూ వస్తున్నాడు, డ్రమ్ములు కూడా సిద్ధం, నువ్వు వస్తే చాలు అని రాశాడు. నేను ఐర్లండ్‌లో ఉన్నానని మాత్రం ఎవరి ద్వారానో విన్నాడు. ఏ ఊళ్లోనో వాడికి తెలియదు.

ఆ ఉత్తరం మా ఆవిడకి చూపించాను. రెండుసార్లు చదివింది. డాక్టర్లు ఇంట్లో వాడే మెత్తని గొంతుతో, స్వరపేటిక మొత్తం తీసేస్తారని చెప్పింది. తర్వాత ఏదో యంత్రం పెట్టుకుని మాట్లాడొచ్చుగానీ అది ఆ మనిషి గొంతు కాదంది.

“మీరు వినాలనుకుంటే ఇదే ఆఖరుసారి” అంది.

ఇక్కడ బ్యాండు సంగతి చెప్పాలి. ఒహాయోలో ఒక చిన్న కాలేజీ ఊరికి ఎం.ఎస్., ఆపైన పీహెచ్‌డీ చదవడానికి వెళ్లాను. బట్టలు ఉతుక్కునే గది గోడ మీద డ్రమ్మర్ కావాలని కాగితం అంటించి ఉంది. నాకు వచ్చింది గుంటూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఎన్.సి.సి. కవాతులో వాయించిన సైడ్ డ్రమ్ము ఒక్కటే. అదే చెప్పాను. పాటగాడు నవ్వి, కవాతు చేయించు చూద్దాం అన్నాడు. చేయించాను, తీసుకున్నారు. మొదటి ఆరు నెలలూ మా పాటలన్నీ ఎంతో కొంత ఆగస్టు పదిహేనులాగే ఉండేవి.

నాలుగేళ్ల జీవితం మా బ్యాండుది. మొదటి ఏడాది అద్దెయింటి నేలమాళిగలో, బాయిలర్ పక్కన. రెండో ఏడాది కాలేజీ రేడియోలో రాత్రి చదువుకునే పిల్లల కోసం వేసే పాటల్లో మాదీ ఒకటి వేశారు. దాంతో పక్క ఊళ్ల కాలేజీలు పిలవడం మొదలెట్టాయి. ఒక పాత వ్యాను, వెనక సీట్లు పీకేసి సామాను, ముందు మేం నలుగురం. క్యాంటీన్లలో, జిమ్ హాళ్లలో, ఒకసారి నీళ్లు తీసేసిన ఈతకొలనులో కూడా వాయించాం. మూడో ఏడాది ఒక చిన్న కంపెనీ మా పాటలు పది కలిపి సీడీ తెచ్చింది. విద్యార్థి వీసా మీద ఉన్నవాడు బయట పని చెయ్యకూడదు కాబట్టి అట్ట మీద నా పేరు వెయ్యొద్దని బతిమాలుకున్నాను. డ్రమ్ములు: ఒక స్నేహితుడు అని వేశారు. వాళ్లు అదొక సరదా అనుకున్నారు. నేను అలాగే అనుకోనిచ్చాను.

మా పాటగాడికి ఒక పద్ధతి ఉండేది. పాట ఎత్తుకునే ముందు ఒకటి, రెండు అని తను లెక్కపెట్టేవాడు కాదు. వెనక్కి తిరిగి నా వంక చూసేవాడు. నేను కర్రలు నాలుగుసార్లు కొడితేనే పాట మొదలు. జనం ఎంతమంది ఉన్నా, ఎంత గోల చేస్తున్నా, వాడు తిరిగి చూసేవరకూ ఏమీ జరగదు. నా బతుకులో నన్ను అంత నమ్మకంగా చూసినవాళ్లు ఎక్కువమంది లేరు. నాన్న కూడా అలా చూడలేదు.

నాలుగో ఏడాది మాకొక అదృష్టం తగిలింది. బాగా పేరున్న బ్యాండు ఒకటి కెనడాలో పన్నెండు ఊళ్లు తిరుగుతూ, తమకంటే ముందు వాయించడానికి మమ్మల్ని రమ్మంది. అప్పట్లో అమెరికావాళ్లు డ్రైవింగ్ లైసెన్సు చూపించి కెనడాలోకి వెళ్లిపోయేవారు. వాళ్ల ముగ్గురికీ వీసా అన్న మాట ఒకటుందనే తట్టలేదు. నాకు తెలుసు. అర్జీ కూడా పెట్టాను. ఇంకా కాగితాలు కావాలని కాన్సులేటు నుంచి ఉత్తరం వచ్చింది. అవి తెప్పించేసరికి ప్రయాణం రోజు దగ్గరికొచ్చేసింది.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. తారీఖులు జరుపుకునేవారో, నాలుగు ఊళ్లు వదులుకునేవారో, ఏదో ఒకటి చేసేవారు. ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. సిగ్గు. అంతకంటే పెద్ద కారణం లేదు. వ్యానులో మేం నలుగురం సమానం. పాస్‌పోర్టు మాట ఎత్తిన క్షణాన వాళ్లు ముగ్గురూ ఒకటి, నేనొకణ్ణి వేరు అవుతాననిపించేది. పైగా నాతో చదివే ఇద్దరు ఇండియన్ కుర్రాళ్లు, మన దగ్గరా ఒహాయో లైసెన్సు ఉందిగా, వ్యాను నిండా తెల్లవాళ్లుంటే ఎవడూ పట్టించుకోడు అన్నారు. నాకు కావలసిన మాట అదే కాబట్టి దాన్నే నమ్మాను.

డెట్రాయిట్ దగ్గర వంతెన దాటాక అవతలి అధికారి నలుగురి లైసెన్సులూ తీసుకుని, ఒక్కొక్కరినీ ఎక్కడ పుట్టారని అడిగాడు. మూడు అమెరికా ఊళ్ల పేర్ల తర్వాత గుంటూరు వచ్చింది. వ్యాను పక్కకి పెట్టమన్నాడు. గంటన్నర తర్వాత వాళ్లు ముగ్గురూ వెళ్లొచ్చు, నేను మాత్రం వెనక్కి పోవాలని తేల్చాడు.

పాటగాడు నన్ను పక్కకి పిలిచి, “నీకు ఈ సంగతి తెలుసా?” అన్నాడు.

తెలియదన్నాను.

వాడు తల ఊపాడు. వ్యాను తిప్పేశాడు. నలుగురం లేకపోతే ఎవరం లేమన్నాడు. కెనడాకి పిలిచినవాళ్లకీ, సీడీ వేసిన కంపెనీకీ ఫోన్ చేసి, కాగితాలు చూసుకోవడం తన బాధ్యతనీ, తనే మర్చిపోయాననీ, తప్పు తనదేననీ చెప్పుకున్నాడు. నేను పక్క సీట్లో కూర్చుని వింటూ ఉన్నాను. ఆ తర్వాత మమ్మల్ని పెద్ద బ్యాండులేవీ పిలవలేదు, కంపెనీ రెండో సీడీ ఊసెత్తలేదు. మూడు నెలలకి నాకు వేరే రాష్ట్రంలో ఉద్యోగం వస్తే పోయాను. వాళ్లు ఇంకో డ్రమ్మర్‌ని చూసుకోలేదు. పాటగాడు గోదాములో సామాను మోసే పనిలో చేరాడని తర్వాత తెలిసింది. ఇరవై ఏళ్లు అదే పని చేశాడు.

అలాంటివాడు ఇప్పుడు రమ్మంటున్నాడు. వీసా పెడదామంటే నా పాస్‌పోర్టు రెన్యువల్ కోసం డబ్లిన్‌లో మన ఎంబసీకి వెళ్లి పది రోజులైంది, ఎప్పుడొస్తుందో తెలియదు. మా ఆవిడ కారులో తీసుకెళ్లి తీసుకొస్తానంది. కారునెవరూ ఆపరంది, అది నిజమే కూడా. కానీ పౌరసత్వం దరఖాస్తులో నడవడిక మంచిదై ఉండాలన్న మాటొకటి ఉంది. చట్టం తప్పలేదని సంతకం పెట్టి ఇవ్వాలి. ఈసారైనా సరిహద్దు దగ్గర అబద్ధం ఆడకూడదని గట్టిగా అనుకున్నాను. మంచివాణ్ణే.

వీసా సంగతి వాళ్లకి రాసేయండి, అర్థం చేసుకుంటారంది ఆవిడ. రాస్తానన్నాను. కంప్యూటరు ముందు కూర్చున్నాను. వీసా అన్న మాట టైపు చేసి చూసుకుంటే ఆ వంతెనే కళ్ల ముందుకొచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా వాడికి అదే కారణం చెప్పాలా? అప్పుడు తెలుసా అని వాడు మళ్లీ అడిగితే? చెరిపేశాను. ఆ వారమంతా ఆఫీసు పని మీద జర్మనీలో ఉంటాను, చాలా బాధగా ఉంది, నువ్వు త్వరగా కోలుకోవాలి అని రాసి పంపేశాను. చేతిలో పాస్‌పోర్టు కూడా లేనివాణ్ణి జర్మనీ వెళ్లాను. ఆవిడ అడిగితే రాశానన్నాను. అది అబద్ధం కాదు కదా, రాశాను.

అమ్మాయికి పదహారేళ్లు. నాన్న ఒకప్పుడు బ్యాండులో ఉండేవాడని ఆ వారమే దానికి తెలిసింది. ఇన్నాళ్లూ నన్ను ల్యాప్‌టాప్‌కి అతుక్కున్న మనిషిగానే చూసింది. తను వెళ్లి చూస్తానని పట్టుబట్టింది, వాళ్లమ్మ తీసుకెళతానంది. వద్దంటే ఎందుకని అడుగుతారు. వెనక వరసలో కూర్చోండి, వాళ్లు హడావుడిలో ఉంటారు, పలకరించి ఇబ్బంది పెట్టకండి అని మాత్రం చెప్పాను.

ఆ శనివారం మధ్యాహ్నం నేను ఇల్లంతా తుడిచాను. వంటింట్లో సామాన్ల బీరువా, ఇక్కడ ప్రెస్ అంటారు, అందులోవన్నీ దించి మళ్లీ సర్దాను. మూడు గంటలకి మొదలవుతుందని తెలుసు. మూడు దాటాక రేడియో కూడా పెట్టలేదు.

పొద్దుగూకే వేళకి వచ్చారు. ఆవిడ నావైపు చూడకుండా కోటు తగిలించి, నిలబడే చెప్పింది. నాలుగే పాటలు పాడాడట. గొంతు మధ్యలో పోతుంటే బేస్ వాయించే ఆవిడ అందుకునేదట. డ్రమ్ముల దగ్గర ఎవరినీ కూర్చోబెట్టలేదట.

“ప్రతి పాటకీ ముందు వెనక్కి తిరిగి ఆ ఖాళీ స్టూలు వంక చూశాడండీ. నాలుగుసార్లూ చూశాడు” అంది.

వాళ్లకి జర్మనీ అని రాసిన సంగతి తనకెందుకు చెప్పలేదని అడిగి, జవాబు కోసం ఆగకుండా మేడ మీదికి వెళ్లిపోయింది.

అమ్మాయి నా మాట వినలేదు. కార్యక్రమం అయ్యాక నేరుగా వాడి దగ్గరికి వెళ్లి, నేను ఫలానా ఆయన కూతుర్నని చెప్పింది. మీ నాన్న జర్మనీలో ఎలా ఉన్నాడని వాడు గొణిగాడట. నాన్న ఇంట్లోనే ఉన్నాడు, వీసా లేదు అని ఇది చెప్పేసింది. దానికి దాచాలని ఎవరూ చెప్పలేదు మరి. ఇల్లు ఎక్కడని వాడు అడిగితే ఫోన్లో దారి చూపించింది. వాడు ఆ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడట.

“హీ వజ్ క్రయింగ్, డాడ్” అంది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబులు దానికి ఇక్కడి యాసలో ఇంగ్లీషులోనే వస్తాయి. “హీ సెడ్, ఇట్స్ ఓన్లీ యాన్ అవర్. వుయ్ వుడ్ హావ్ కమ్ డౌన్ టు హిమ్.”

వెంటనే వాడు దిగిన ఇంటికి ఫోన్ చేశాను. బేస్ వాయించే ఆవిడ ఎత్తింది. గొంతు పూర్తిగా పడిపోయింది, జ్వరం తగిలింది, మాత్ర వేసుకుని పడుకున్నాడు, తెల్లవారకముందే విమానం అంది. తర్వాతి గురువారం ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు ఈమెయిల్ రాస్తే రెండు ముక్కల్లో మర్యాదగా జవాబిస్తాడు.

అటు వెళ్లడానికి వీసా కావలసింది నాకు. అమెరికా పాస్‌పోర్టులున్న వాళ్లలో ఎవరికీ ఇటు రావడానికి ఏమీ అక్కర్లేదు. బెల్‌ఫాస్ట్ చర్చి హాలు కాకపోతే డండాక్‌లో ఏదో ఒక హాలు, అదీ కాకపోతే మా ఇంటి ముందు గది. నిజం ఒక్క వాక్యం రాసి ఉంటే వాడు ఆ నాలుగు పాటలూ నా ముందు పాడేవాడు. ఆ మాట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. గీత దాటి నేను వెళ్లాలనే అనుకున్నాను తప్ప, నాకోసం వాళ్లు వస్తారని అనుకోలేదు.