ముక్క లేని ముప్పై రోజులు

ఆ రోజుల్లో ఆడపిల్లకు చెయ్యి బాగుండటం దేవుడిచ్చిన వరం అనేవాళ్ళు. చెయ్యి అంటే వంట చెయ్యి. అది వరమో కాదో నన్నడగండి, నేను చెబుతాను. మొన్న మా మనవరాలు బెంగుళూరు బస్సు దిగి, చెప్పులు కూడా విడవకముందే, "అవ్వా, నేను వీగన్ అయిపోయినా. మాంసం, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి ఏదీ ముట్టను. నీకు కష్టమైతే నేనే వండుకుంటా" అంది. కష్టమట! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. అలాంటి తిండికి ఒక పేరుందనీ, అది తిన్నందుకు జనం ఒకరినొకరు మెచ్చుకుంటారనీ తెలియని కాలంలోనే, ఇంట్లో ఆరుగురికి దాదాపు నెల రోజులపాటు ఆ వంట వండి, ముక్క లేనిదే ముద్ద దిగని ఒక మనిషిని మెప్పించినదాన్ని నేను. మెప్పించకపోయి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

ఆ మనిషి మా పెదనాన్న. చాటున ఆయన్ని "ముక్క పెద్నాయన" అనేవాళ్ళం. నా మూడో ఏట మా నాయన పోతే అమ్మనూ నన్నూ తన ఇంట్లోనే ఉంచుకున్న పెద్దమనిషి (ఈ సంగతి రోజుకొకసారి ఆయనే గుర్తు చేసేవాడు కాబట్టి మరిచిపోయే వీలు లేదు). తమిళ సీమలో ధర్మపురి పక్కన సోగత్తూరులో ఇల్లు, ఇంటి వెనక ఆవుల కొట్టం, ఇద్దరు కొడుకులు. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమె మంచం మీది నుంచి ఆజ్ఞలు ఇచ్చేది, అమ్మ వండేది. పెదనాన్న తట్ట (కంచాన్ని మేము తట్ట అంటాం) ముందు కూర్చుంటే ఇల్లంతా ఊపిరి బిగపట్టేది. మొదట వాసన చూస్తాడు. తర్వాత వేలితో ముక్కల్ని అటూ ఇటూ తిప్పుతాడు. కొవ్వు తక్కువైతే ఒక మూలుగు, ఎముక చిన్నదైతే ఇంకో మూలుగు. అసలే నచ్చకపోతే ఎడమచేత్తో తట్టను ముందుకు తోసేస్తాడు. తట్ట నేలమీద గీరుకునే ఆ చప్పుడుకు వంటింట్లో అమ్మ ఉలిక్కిపడేది.

మా వాళ్ళు పెరుమాళ్ళ భక్తులు. పెరటాసి (సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే తమిళ నెల, పెరుమాళ్ళది) నెలంతా ఇంట్లో మాంసం ముట్టరు, మాంసం వండే సట్టిని కూడా అటకెక్కించేస్తారు. ప్రతి ఏడూ ఆ నెలను పెదనాన్న పెరుగూ నెయ్యీ పోసుకుని ఎలాగో ఈదేవాడు. ఆ ఏడు (ధర్మపురికి కలెక్టరాఫీసు కొత్తగా వచ్చిన రోజులవి) పెరటాసి పుట్టిన రోజే ఆవులకు గాలికుంటు తగిలింది. నోట్లో పుళ్ళు, గిట్టల సందుల్లో పుళ్ళు. ఆయన ప్రాణంగా చూసుకునే ఎర్రావు పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది. పెదనాన్న కొట్టంలోనే సాష్టాంగపడి వీధి వీధంతా వినేటట్టు, "పెరుమాళ్ళా! నా ఆవు లేసి నిలబడితే ఈ పెరటాసంతా మా ఇంట్లో పాలూ పెరుగూ నెయ్యీ కూడా ముట్టం సామీ!" అని మొక్కేశాడు. తానొక్కడే కాదు, ఇంటిల్లిపాదినీ కలిపి మొక్కాడు. ఆవు మధ్యాహ్నానికే లేచి నిలబడింది. కాఫీ వేళకు పాలు లేని లోటా చేతికి వచ్చాక గానీ తానేం చేశాడో ఆయనకు తెలిసిరాలేదు. "నేను మొక్కకముందే లేసుంటే ఏం పోయింది దీనికి" అని ఆవును తిట్టుకోవడం నా చెవులారా విన్నాను.

అమ్మ తనకు తెలిసినట్టు పప్పు, రసం, బీన్స్ పొరియలు (టెంకాయ వేసిన వేపుడు) వండింది. మూడు రోజులు, ఆరు పూటలు, ఆరుసార్లు తట్ట ముందుకు పోయింది. "ఇది జొరమొచ్చినోనికి పెట్టే తిండి" అన్నాడు నాలుగో రోజు. అన్నది గోడతో. అమ్మతో ఆయన నేరుగా మాట్లాడడు.

సరిగ్గా ఆ నాలుగో రోజే నాకు సేలం నుంచి ఉత్తరం వచ్చింది. నేను ఎస్సెస్సెల్సీ పాసై, టీచరు ట్రెయినింగుకు దరఖాస్తు పెట్టి, సీటు రాక ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఎవరో అమ్మాయి పెళ్ళి కుదిరి మానేసిందట, ఆ ఖాళీ నాకిస్తామన్నారు. పెరటాసి ముగిసిన వారంలోగా, ఇంటి పెద్ద సంతకం పెట్టిన కాగితంతో వచ్చి చేరాలి. రెండేళ్ళ చదువు, తర్వాత ఎక్కడో ఒక ఊళ్ళో ఉద్యోగం, ఒక చిన్న గది, ఆ గదిలో అమ్మ. అక్కడ ఏ తట్టా ఎవరూ తొయ్యరు. ఉత్తరం చదివిన అరగంటలో ఇదంతా మనసులో కట్టేసుకున్నాను.

నిజం చెప్పాలంటే సంతకం పెద్ద కష్టమయ్యేది కాదు. పెద్దమ్మ మంచం మీది నుంచి, "పోనీండి, ఒక తట్ట తగ్గుతాది గదా" అని కూడా అంది. పెదనాన్న, "తిన్నాక చూస్తాలే" అన్నాడు. నేను గమ్మున ఉండి ఉంటే ఆ సాయంత్రమో మర్నాడో పెట్టి పారేసేవాడే. కానీ పదిహేడేళ్ళ తెలివి ఊరుకుంటుందా? ఆయన ఏడోసారి తట్ట తోసిన క్షణంలో నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది.

"పెద్నాయనా, పెరటాసి అయ్యేదాకా నువ్వు ఒక్క పూట కూడా తట్ట తొయ్యకుండా తినేటట్టు నేను వండితే, దీంట్లో సంతకం పెడతావా?"

"నువ్వా? మీయమ్మ చేతనే కాలేదు."

"వండితే పెడతావా?"

"సరి, పెడతా పో" అని నవ్వాడు. ఊరికే దొరికేదానికి పందెం కట్టి కొనుక్కున్న తెలివైనదాన్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మొదటి రోజు కంద తెచ్చాను (మా సంతలో సేనక్కిళంగు అనాలి, కంద అంటే అంగడామె మొహం చూస్తుంది). మాంసం ముక్కల కొలతకు కోసి, వేయించి, మాంసానికి నూరే మసాలానే నూరాను. ధనియాలు, మిరపకాయలు, సోంపు, గసగసాలు, పట్ట (దాల్చినచెక్క), లవంగం, చిన్న ఎర్రగడ్డలు. చింతపండు నీళ్ళలో ఉడికించాలన్న సంగతి మాత్రం మరిచిపోయాను. పెదనాన్న తట్ట ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, పీట మీది నుంచి లేవబోయాడు. అప్పుడు మొదలైంది గొంతు దురద. ఆయనకూ, ఇద్దరన్నలకూ, పెద్దమ్మకూ, అమ్మకూ, నాకూ. ఇల్లంతా గొంతులు గోక్కుంటూ బెల్లం ముక్కల కోసం పరుగులు. "కరి అడిగితే గొంతు కోసినావు గదే!" అని ఆయన కేకలు (కరి అంటే మా వైపు మాంసం). అయినా తట్ట తొయ్యలేదు గదా, ఖాళీ అయింది గదా? పందెం చెల్లుతుందని నేను గట్టిగా వాదించి గెలిచాను.

ఆ తర్వాత పాఠం చదివినట్టు ఆ మనిషి తిండిని చదివాను. ఎస్సెస్సెల్సీకి కూడా అంత శ్రద్ధగా చదవలేదు. ఆయనకు కావలసింది మాంసం కాదని వారంలో తెలిసిపోయింది. తట్ట పక్కన ఎముకల కుప్ప పడాలి. కుప్ప పడకపోతే కడుపు నిండినా ఆయనకు తిన్నట్టుండదు. అందుకని కందతోపాటు ముదురు మునక్కాయలు వేశాను. వాటిని పళ్ళతో గీకి, చప్పరించి, పిప్పి కుప్పగా పోసుకుని, తృప్తిగా త్రేన్చాడు. కొవ్వు కోసం టెంకాయ పలుకులు నూనెలో వేయించి పడేశాను. అరటికాయను చేప ముక్కల్లా చక్రాలు కోసి మిరియాల కారం పట్టించాను. కాఫీకి బదులు శొంఠీ బెల్లం కాపీ. చివర్న మజ్జిగన్నం లేదని మూలిగితే, చెనక్కాయలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నిమ్మకాయ పిండి పోశాను. "ఇది యా ఆవు పాలే?" అని లోటా ఎత్తి తాగాడు. అంత బాగుందని కాదు, అప్పటికి ఆయన నాలుక నా చేతికి లొంగిపోయింది.

రెండో శనివారం అసలు తమాషా జరిగింది. పెరటాసి శనివారాల్లో నామాలు పెట్టుకుని, చెంబు పట్టుకుని, గోవింద కొడుతూ ఇంటింటా బియ్యం అడుక్కోవడం మా వైపు ఆచారం. ఆ గుంపుకు పెద్ద ఒకాయన ఉండేవాడు, నుదురంతా నిండే నామం పెట్టేవాడు కాబట్టి అందరూ నామాల మామ అనేవాళ్ళు. మా గడప ముందుకు వచ్చి "గోవిందా! గో..." అని సగంలో ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. అమ్మ బియ్యం చేట పట్టుకుని వెళితే చెంబు వెనక్కి లాక్కున్నాడు.

"శనిక్కెళమ పూట కరి మసాలానా? ఈ ఇంటి బియ్యం నా చెంబులో పడేదానికి లేదు. పదండప్పా!"

వీధి వీధంతా వాకిళ్ళలోకి వచ్చేసింది. అమ్మ చేట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెదనాన్న పంచె ఎగ్గట్టి ఒక్క ఉరుకున వచ్చాడు.

"ఎవురింట్లోనయ్యా కరి? రా, లోపలికొచ్చి నీ కండ్లతోనే సూడు!"

చెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కొచ్చాడు. నేను సట్టి మూత తీశాను. మామ తొంగి చూశాడు.

"ఇది ఎముక గాదా?"

"మునక్కాయ మామా."

"ఈ కొవ్వు?"

"టెంకాయ."

ఆయన ఇంకా కిందికి వంగాడు. నామం తడిసి కారేంత ఆవిరి మొహానికి పట్టింది, అయినా లేవడు. ఒక ముక్క నోట్లో వేసుకుంటే తేలిపోతుందన్నాను. పూజ అయ్యేదాకా ఉపవాసమట. చాలాసేపు ఆలోచించి, "ఒక గిన్నెలో పోసి మా ఇంటికి పంపియ్యండి, పూజ అయినాక పరిశీలిస్తా" అన్నాడు. పరిశీలించాడు. అనుమానం తీరలేదు కాబోలు, మిగిలిన శనివారాలన్నీ పరిశీలిస్తూనే వచ్చాడు.

ఆ రోజు నుంచి పెదనాన్న మారిపోయాడు. అంతవరకూ ఎవరైనా అడిగితే నన్ను "తమ్ముని కూతురు" అనేవాడు. ఇప్పుడు దారిన పోయేవాళ్ళను పిలిచి కూర్చోబెట్టి, "మా పాప వండింది, తిని సూడండి" అనడం మొదలుపెట్టాడు. మా పాప! తండ్రి లేనిదాన్ని, ఆ రెండు మాటలకు పొంగిపోయాను. ఇంకా నూరాను, ఇంకా వేయించాను. చేతులు మసాలాతో మండుతుంటే కూడా నవ్వుకుంటూ వండాను. ఒక్క పూటైనా బద్ధకించి ఉంటే బాగుపడేదాన్ని.

పెరటాసి ముగిసింది. మర్నాడు తెల్లారక ముందే పెదనాన్న ధర్మపురి వెళ్ళి లేత మాంసం తెచ్చాడు. అటక మీది సట్టి దిగింది. అమ్మ వండింది. నేను కాగితం, పెన్నూ పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ముప్పై రోజుల తర్వాత ముక్క నోట్లో పడ్డ సంతోషంలో సంతకం సులువవుతుందని నా లెక్క. ఆయన ఒక ముక్క నమిలాడు. ఇంకొకటి నమిలాడు. ఎడమ చెయ్యి తట్ట మీదికి వచ్చింది. తోసేశాడు.

"ఏమో, పస లేదు. పాపా, నిన్నటి కంద కొళంబు ఏమన్నా మిగిలుందా?"

నాకు ఆ క్షణంలో ఏం జరుగుతోందో అర్థమై ఉండాల్సింది. అర్థం కాలేదు సరిగదా, గర్వంతో మొహం వెలిగిపోయింది. మేకను ఓడించాను! పరుగెత్తి వెళ్ళి సట్టి అడుగున ఉన్నదంతా వేడిచేసి తెచ్చాను. ఆయన వేళ్ళు నాకేదాకా ఆగి, కాగితం ముందు పెట్టాను.

ఆయన దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "హాస్టల్లో వాళ్ళేం పెడతారో ఏమో. ఈ చెయ్యి పోయి సేలంలో బలపం పట్టుకోవల్లనా?"

"పెడతానన్నావు గదా పెద్నాయనా."

"ఇప్పుడు పెట్టనన్నానా? వచ్చే ఏడు చూస్తాం. ఇంత బాగా వండేదాన్ని యాడికే పంపేది?"

కాగితం తిరిగి నా చేతికిచ్చేశాడు. సంతకం ఉండాల్సిన చోట ఆయన బొటనవేలి మసాలా మరక గుండ్రంగా పడింది. అది వేలిముద్రగా చెల్లుతుందా అని నేను ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. సిగ్గు లేకపోతే సరి.

వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. అమ్మ ఆయన తోసేసిన తట్టలోని ముక్కల్ని గిన్నెలోకి ఎత్తుతోంది.

"నాకు తెలుసు పాపా. నువ్వు రెండోతూరి కంద వండినప్పుడే, నోట్లో పెట్టుకోంగానే తెలిసింది, ఇంక నిన్ను పంపడని. మీ నాయన పోయినప్పుడు మా అన్న నన్ను పిలుచుకోని పోయేదానికి వచ్చినాడు. మీ పెద్నాయన పంపలేదు. అప్పుడూ ఇదే మాట అన్నాడు."

"తెలిస్తే నాకెందుకు చెప్పలేదమ్మా? దినమూ ఉప్పు కుమ్మరించుందును గదా!"

అమ్మ గిన్నె మీద మూత పెట్టింది. తర్వాత చాలా చిన్న గొంతుతో అంది: "ఈ ఇంటికి వచ్చినాక నాకని ఎవురూ వండిపెట్టింది లేదు. ఇన్ని దినాలు నువ్వు వండితే కూర్చోని తిన్నా. రేపు చెప్తాం, రేపు చెప్తాం అనుకుంటానే ఇంకో ముద్ద తిన్నా. అంత బాగుండె పాపా."

పెదనాన్న మీద కోపం ఈ రోజుకూ అలాగే ఉంది, ఆయన పోయి ఇన్నేళ్ళయినా తగ్గలేదు. అమ్మ మీద మాత్రం ఎలా కోప్పడాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆ సీటు ఇంకెవరికో పోయింది. వచ్చే ఏడు రానే లేదు, పెళ్ళి వచ్చింది. అమ్మ ఆ ఇంట్లోనే వండుతూనే కన్నుమూసింది. నేను బలపం పట్టింది నా పిల్లలకు ఓనమాలు దిద్దించినప్పుడే. ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. ఎవరైనా నా వంట తిని, "అబ్బ, ఏం చెయ్యమ్మా మీది!" అంటే ఒక చీపురు తీసుకుని ఆ మనిషిని వీధి దాకా తరమాలనిపిస్తుంది. కానీ ఏం చెయ్యను, చీపురు కోసం లేచిన చెయ్యి గరిటె మీదికే పోతుంది. "నచ్చిందా? ఉండండి, ఇంకొంచెం వేస్తాను" అంటూ సిగ్గు లేకుండా వడ్డిస్తాను.