చప్పుడు ఎవరిది

సెయింట్ ఒడీలియా ఊళ్ళో బేస్‌బాల్ బంతి విసిరే పిచర్ సత్తాను కళ్ళతో చూసేవాళ్ళకంటే చెవులతో వినేవాళ్ళే ఎక్కువ. ఆదివారం ప్రార్థన కాగానే మడతకుర్చీలు చంకన పెట్టుకుని చర్చి వెనక మైదానానికి వెళ్ళి, తీగవల వెనక వరసగా కూర్చుంటారు. బంతి క్యాచర్ గ్లవ్‌లో పడ్డప్పుడు ఫటేలుమంటే పిచర్ చెయ్యి పలుకుతోందంటారు. మెత్తగా పడితే పని అయిపోయిందంటారు. ఈ పెద్దల సభకి పెద్ద ఆల్ఫాన్స్ క్రెమర్. నలభై ఏళ్ళు చర్చిలో ఆర్గన్ వాయించినవాడు. చూపు పోయి చాలా కాలమైంది. చూపు లేనివాడు బేస్‌బాల్ మీద తీర్పు చెప్పడమేమిటని నవ్వొస్తే నవ్వుకోండి, ఆయన వినేలా మాత్రం నవ్వకండి.

ఆ ఊరి క్యాచర్ సిరిల్ వోగ్ట్. వారమంతా పాల సొసైటీలో వెన్నపెట్టెలు లారీలకెత్తుతాడు. ఆదివారం బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, ఆంబ్రోస్ థీల్మన్ విసిరే బంతులు పడతాడు. పెళ్ళికాక ముందునుంచీ ఇదే వరస. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరికైనా కాదని చెప్పిన పాపాన పోలేదు. సొసైటీలో ఎవరు సెలవు పెట్టినా బదులు అతనే, ఎవరింట్లో పెళ్ళయినా బల్లలు మోసేదీ అతనే. అతనికి కోపం రావడం భార్య మార్సెల్లా ఎన్నడూ చూడలేదు. ఆవిడ కోపమంతా దానిగురించే.

ఆంబ్రోస్ అలా కాదు. పాడి రైతు, మాటా చెయ్యీ రెండూ దురుసే. పొరుగున ఉన్న ఫ్రైబోర్న్ ఊరివాళ్ళు అతని బంతి కంటికి ఆనేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. మైదానం నడిమి మట్టిదిబ్బ తన తాత కట్టించి ఇచ్చినట్టు నిలబడేవాడు దానిమీద.

ఆంబ్రోస్ చేతి జోరు తగ్గుతోందని ముందు తెలిసింది సిరిల్‌కే. కిందటేడు వేసవి మాట. గ్లవ్ మూసే వేళకి బంతి ఇంకా దారిలోనే ఉంటోంది. క్యాచర్ గ్లవ్‌లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలు అల్లిక ఉంటుంది. బంతి అందులో పడితే నొప్పి ఉండదు, చప్పుడూ ఉండదు. అరచేతి మీద పడితే రెండూ ఉంటాయి. ఒకరోజు బంతి ఆలస్యంగా రావడంతో లెక్కతప్పి సిరిల్ దాన్ని అరచేత్తో పట్టాడు. ప్రాణం జివ్వుమంది. చప్పుడు మాత్రం మొక్కజొన్న చేల దాకా వెళ్ళింది.

"విన్నార్రా! ఆంబ్రోస్ చెయ్యి మళ్ళీ పలుకుతోంది!" అని అరిచాడు ఆల్ఫాన్స్.

దిబ్బమీద ఆంబ్రోస్ నిటారుగా నిలబడ్డాడు. తర్వాతి బంతిలో నిజంగానే కాస్త ఊపు వచ్చింది. అది చూశాక సిరిల్ ఆగలేకపోయాడు. ప్రతి బంతినీ అరచేత్తోనే పట్టడం మొదలుపెట్టాడు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత; సిరిల్‌కి వాపొచ్చింది. ఆ వాపు చూసి ఊరు మరింత నమ్మింది. "వాడి బంతి దెబ్బకి సిరిల్ చెయ్యి చూడండి, రొట్టెలా పొంగింది" అనేవాళ్ళు.

మార్సెల్లా నమ్మలేదు. ఐసు ముక్కలు బేసిన్‌లో పోస్తూ ఒక ఆదివారం అడిగేసింది.

"ఏమయ్యా, ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు రాని వాపు ఇప్పుడెందుకొస్తోంది?"

"వయసు మీద పడింది కదే."

"ఎవరికి?"

సిరిల్ ఇంకో గుప్పెడు ఐసు బేసిన్‌లో వేసుకున్నాడు.

మొదటి వేసవి బాగానే గడిచింది. ఎదుటివాళ్ళు పాత భయంతో ముందే బ్యాటు ఊపేసి అవుటయ్యేవాళ్ళు. భయం ఎన్నాళ్ళుంటుంది? రెండో వేసవిలో కొట్టడం మొదలుపెట్టారు. ఊరు ఒకసారి గాలిని తిట్టింది, ఒకసారి అంపైర్‌ని తిట్టింది, బంతి వదిలేసిన వడ్రంగి కుర్రాణ్ణి మూడు వారాలు తిట్టింది. చెయ్యి పలుకుతుండగా ఆంబ్రోస్‌ని తిట్టే ప్రశ్నే లేదు.

ఆగస్టు చివరికి ఆ జట్టు ఎలాగో ప్రాంతీయ ఫైనల్‌కి చేరింది. ఫ్రైబోర్న్ మీద గెలిస్తే రాష్ట్ర పోటీలు. ఊరు చివరిసారి రాష్ట్ర పోటీలకెళ్ళిన ఏడాది పుట్టినవాళ్ళకి ఇప్పుడు బట్టతలలు వచ్చాయి. జట్టు మేనేజర్ రోమన్ బెక్‌కి హార్డ్‌వేర్ షాపు ఉంది. వారం మధ్యలో సిరిల్‌ని అక్కడికి పిలిచి, మేకుల డబ్బాల వెనక నిలబెట్టి మాట్లాడాడు.

"వింటే వీడు బ్రహ్మాండంగా వేస్తున్నాడు. స్కోరు చూస్తే దిక్కుమాలినట్టుంది. ఏది నమ్మమంటావురా?"

సిరిల్ ఒక మేకు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఫైనల్లో బంతి ఆ పశువుల డాక్టరు కెస్లర్‌కి ఇద్దామా అని చూస్తున్నా. గట్టిగానే వేస్తాడు. కానీ నిన్నగాక మొన్నొచ్చినవాడు. ఆంబ్రోస్‌ని కూర్చోబెడితే రేపు నా షాపు గడప ఎవడూ తొక్కడు. నువ్వు పట్టేవాడివి, నీకు తెలుసు. నువ్వేమంటే అది."

చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు, మంచి సమయం సిరిల్‌కి మళ్ళీ దొరకదు. అతనికా సంగతి తెలుసు కూడా. అయినా ఆంబ్రోస్ మొహం కళ్ళముందు ఆడింది.

"ఆంబ్రోస్‌కే ఇయ్యి" అన్నాడు.

ఆదివారం ఎండ దంచేసింది. ఆంబ్రోస్ దిబ్బెక్కుతూ కెస్లర్‌ని చూసి, "డాక్టరుగారూ, నా ఎర్రావు చూడి నిలిచిందో లేదో చూసి పెట్టండి. బంతి సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్విన నోళ్ళు మూసుకోకముందే ఫ్రైబోర్న్ మూడు పరుగులు తీసింది.

తొమ్మిది ఇన్నింగ్స్‌లో రెండోదానిలోనూ అదే తంతు. ఒక దెబ్బ కుడివైపు కంచెకి తగిలింది, ఇంకోటి కంచె దాటి ఎవరి ట్రక్కు మీదో పడింది. రోమన్ బెంచీ మీంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"చెయ్యి పలుకుతోందిరా, రోమన్! కంగారు పడకు. అంతా దురదృష్టం!" వల వెనకనించి ఆల్ఫాన్స్ ధైర్యం చెప్పాడు.

సిరిల్ విన్నాడు. రోమన్‌ని బెంచీకి కట్టేసింది తన అరచెయ్యే. ఎవరైనా వచ్చి ఆపితే బాగుండునని అటు చూశాడు. ఎవరూ రాలేదు. తర్వాతి బంతిని అల్లికలో పట్టాడు.

చప్పుడు లేదు. ఇంకో బంతి. అదీ అంతే, దుప్పటి మీద బంగాళాదుంప పడ్డట్టు పడింది. మడతకుర్చీల వరస అంతా మాటలు మానేసింది.

"ఏంటర్రా, ఆట ఆపేశారా?" అన్నాడు ఆల్ఫాన్స్.

ఆంబ్రోస్ దిబ్బమీంచి సిరిల్‌ని ఎగాదిగా చూశాడు. పళ్ళు బిగించి ఇంకా గట్టిగా విసిరాడు. బంతి బ్యాటరుకి మూరెడు దూరంగా పోయింది, నిశ్శబ్దంగా అల్లికలో దూరింది. అప్పుడు లేచాడు రోమన్. ముగ్గురూ దిబ్బ మీద కలుసుకున్నారు.

పిచర్ సంగతి పిచర్ ఎదుటే క్యాచర్‌ని అడగడం అక్కడి రివాజు.

"ఏం సిరిల్? ఏమైనా మిగిలిందా వీడి దగ్గర?"

"ముందు వీడి గ్లవ్ మార్పించు. ఏదో చచ్చిన గ్లవ్ తెచ్చాడివాళ" అన్నాడు ఆంబ్రోస్.

"గ్లవ్ అదేరా."

"మరి చప్పుడేది?"

"చప్పుడు నాదిరా" అన్నాడు సిరిల్. "రెండేళ్ళ నుంచీ నాదే."

ఆంబ్రోస్ అతని చేతివంక చూశాడు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు, బుర్ర ఎప్పుడూ చురుకే. బంతిని రోమన్ చేతిలో పెట్టి దిబ్బ దిగిపోయాడు.

కెస్లర్ వచ్చి మిగతా ఆటంతా నెట్టుకొచ్చాడు. ఊరి జట్టు ఒకటీ ఒకటీ కూడబెట్టి, చివరికి ఒక్క పరుగు తేడాతో గెలిచింది. కంచె చుట్టూ ఉన్న కార్లన్నీ హారన్లు మోగించాయి. ఆల్ఫాన్స్ పక్కవాళ్ళతో, "ఆంబ్రోస్ పని అయిపోయిందని నేను జూన్‌లోనే అన్నాను, మీరే వినలేదు" అంటున్నాడు. కాదనడానికి ఎవరికీ తీరిక లేదు.

జనం బీరు పీపాల చుట్టూ మూగాక సిరిల్ ఆంబ్రోస్ ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు. ఆంబ్రోస్ బూట్లు మార్చుకుంటున్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాడు గానీ, గొంతు మామూలుగానే ఉంది.

"చెప్పొచ్చు కదరా."

"బాధపడతావని."

"పడేవాణ్ణే. వారం తాగేవాణ్ణి, నిన్ను అమ్మనా బూతులూ తిట్టేవాణ్ణి. ఆ తర్వాత?"

ఆంబ్రోస్ విప్పిన బూటు ట్రక్కులోకి విసిరాడు.

"మా నాన్న యాభై దాటాక కూడా వేశాడు, గుర్తుందా? నెమ్మది బంతి. బ్యాటు దాకా వచ్చి చతికిలబడేది. దాన్ని ఎట్లా పట్టుకునేవాడో ఒక్కడికీ చెప్పలేదు. పోయినేడు మంచంలోంచి పిలిచాడు నన్ను. 'రారా, పట్టు చూపిస్తా, నీకు వేళొచ్చింది' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'ఊరంతా నా చెయ్యి పలుకుతోందంటుంటే నీ ముసలిబంతి నాకెందుకయ్యా' అన్నా. నవ్వాడు. మళ్ళీ అడగలేదు."

ఆ ముసలాయన ఫిబ్రవరిలో పోయాడు. శవపేటిక మోసినవాళ్ళలో సిరిల్ ఒకడు.

"ఆవుల వేళయింది" అని ఆంబ్రోస్ ట్రక్కు ఎక్కాడు. క్షమించమనైనా అనాల్సిందని సిరిల్‌కి తట్టింది గానీ, అప్పటికి ట్రక్కు రోడ్డెక్కింది.