మనిషి వెనక వచ్చే మాట

చంద్రిక పాశమైలారంలోని ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఇంటర్‌తోనే చదువు ఆగింది. భర్త మల్లేష్ పటాన్‌చెరులో పల్లీలు ఒలిచే మిషన్లు తయారుచేసే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆ మిషన్లు మొజాంబిక్‌కు పోయినప్పుడు, బిగించి నడిపించి రమ్మని అతన్నీ పంపారు.

అతను వెళ్లాక పై గది కిరాయికిచ్చారు. దిగినది సెలెస్త్ అనే అమ్మాయి. విత్తనాల మీద చదువుకోవడానికి మొజాంబిక్ నుంచే వచ్చింది. ఆ దేశం పేరు వినగానే అత్త రాజవ్వ బేరం కూడా ఆడలేదు.

సెలెస్త్‌కు, చదువు కోసం రోజూ వెళ్లే పొలంలో కూలీల దగ్గర నేర్చుకున్న తెలుగు కొంచెం వచ్చు. సాయంత్రాలు చంద్రిక పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ పోర్చుగీసు నేర్పేది. మల్లేష్ రోజంతా వినే భాష తన చెవిలోనూ పడాలని చంద్రికకు ఆశ. పేర్లు సులువుగానే పట్టుబడ్డాయి. ఎలాంటిది, ఎట్లున్నది అని చెప్పే మాటల దగ్గరే చిక్కొచ్చింది.

"తెల్ల ఇల్లు కాదు అక్కా. ఇల్లు తెల్ల. కాజా బ్రాంకా."

"గిదేం భాషనే! మనిషి ముందు నడుస్తడు, గుణం ఎన్కనుంచి వస్తదా?"

"ఎక్కువ గట్లనే. 'గ్రాండ్' ముందు పెడితే గొప్ప మనిషి. ఎనక పెడితే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి."

అంతటితో అయిపోలేదు. పగిలినా విరిగినా తెగినా వాళ్లకు ఒకటే మాట. కానీ పగిలిన గ్లాసైతే 'కోపు పర్తీదు', కాలు విరిగిన కుర్చీ అయితే 'కదైరా పర్తీదా'. కుర్చీలు ఎక్కువైతే 'పర్తీదష్'. పేరు ఎటు తిరిగితే వెనకొచ్చే మాట కూడా అటే తిరగాలి.

గడపలో కూర్చున్న రాజవ్వకు ఇది మింగుడుపడలేదు. "గ్లాసు మొగోడు, కుర్చీ ఆడామెనా? ఎవలు జెప్పిన్రే వాటికి?"

ముగ్గురూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

ఆ తర్వాత ఒకరోజు మల్లేష్ ఫోను కలవలేదు. మర్నాడు మధ్యాహ్నం చంద్రిక డ్యూటీ నుంచి వచ్చాక కూడా స్విచ్చాఫే. అక్కడ మల్లేష్ మిషన్లు బిగిస్తున్న మిల్లు యజమాని ఆర్మాందు నంబరు ఉంటే దానికి చేసింది. ఆయన ఎత్తలేదు. కాసేపటికి వాయిస్ మెసేజ్ పంపాడు. వెనక మిషన్ల మోత, మధ్యమధ్య మాట తెగిపోతోంది. చంద్రిక చెవిన పడ్డవి రెండే మాటలు. మల్లేష్. పర్తీద...

ఆమె సెలెస్త్‌కు ఫోను చేసింది. సెలెస్త్ పొలంలో ఉంది, ఫోను ఎత్తడం లేదు.

"ఏమైందే? నా కొడుక్కేమైంది?" అంటూ రాజవ్వ దగ్గరికొచ్చింది.

"ఆగు అత్తమ్మా, జెర ఇననియ్యి."

ఫోను చెవికి అదిమి మళ్లీ వింది. దు అన్నాడా, దా అన్నాడా? ఇంకోసారి వింది. దా. అనుమానం లేదు, సాగదీసి మరీ అన్నాడు.

"మొగమనిషైతే దు అనాలె. ఆయన దా అన్నడు. ఇర్గింది మీ కొడుకు గాదు!"

"చెయ్యి గిట్ల ఇర్గిందేమో?"

చంద్రికకు అది తట్టలేదు. చెయ్యి వాళ్లకు ఆడదే. కాలూ అంతే. మెసేజ్ మళ్లీ పెట్టి చివరిదాకా వింది. ఆఖరున మోత తగ్గి మల్లేష్ పేరు మళ్లీ వచ్చింది, వెనకే 'కన్‌సాదు, మష్ కొంతెంత్'. కన్‌సాదు అంటే అలసిపోయినవాడు. ఆ దు మల్లేష్‌దే. కొంతెంత్‌కు ఆడా మగా తేడా లేదు, సంతోషంగా ఉన్నారంటే ఎవరికైనా అదే.

"అలసిపోయిండట, కానీ కుషీగున్నడట. చెయ్యి ఇర్గినోడు కుషీగుంటడా అత్తమ్మా?"

రాజవ్వ అక్కడే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. నమ్మిందో లేదో తెలియదు, కానీ ఏడుపు ఆపింది.

పొద్దుగూకే వేళకు కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"నా ఫోను నీళ్ల డ్రమ్ముల వడ్డది," అన్నాడు మల్లేష్. "నిన్న మిషన్ బెల్టు తెగింది. ఇంకోటి తెప్పిచ్చి బిగిచ్చేసరికి పానం పోయినంత పనైంది. ఇప్పుడు మస్తు నడుస్తుంది. అమ్మ పరేషానైందా?"

"అమ్మొక్కతేనా?" అంది చంద్రిక. ఫోను అత్త చేతికిచ్చి, పెరట్లోకి పోయి కాసేపు గోడకానుకుని నిలబడింది. వర్క్‌షాపుల వైపు నుంచి సైరన్ వినిపించింది. కొంగు దోపుకొని బియ్యం కడగడానికి లోపలికొచ్చింది.

సెలెస్త్ బురద కాళ్లతో వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. చంద్రిక మెసేజ్ వినిపించింది.

"ఈ దా ఎవలిది సెలెస్త్?"

"కుర్రైయాది అక్కా. బెల్టు. మాకు అదీ ఆడదే."

"సల్లగుండాలె ఆ బెల్టు," అంది రాజవ్వ. సెలెస్త్‌ను కాళ్లు కడుక్కొని రమ్మని, మూడు కంచాలు పెట్టింది.