ఒకే పళ్ళెంలో రెండు స్లైడ్లు

2022 వర్షాకాలం. విశాఖ వన్ టౌన్‌లో, హోల్‌సేల్ కొట్ల వెనక సందులో మా నాన్న వదిలి వెళ్ళిన మెకానిక్ షెడ్డు నాది. అప్పటికే పదిహేనేళ్ళుగా నడుపుతున్నాను. అయినా కొత్తగా వచ్చినవాడు నన్ను చూసి "మెకానిక్ ఏడమ్మా?" అనే అడుగుతాడు. "నీ ఎదురుగానే ఉంది, బండి స్టాండెయ్" అంటాను. ఇష్టమైతే ఉంటాడు, లేకపోతే పోతాడు. బతిమాలడం నాకు చేతకాదు.

ఓ శనివారం మధ్యాహ్నం అప్పలరాజు అన్న తన పాత బండిని తోసుకుంటూ వచ్చాడు. రెండు సిలిండర్ల బండి, కార్బ్యురేటర్లూ రెండే. ఎక్కడ ఆపితే అక్కడ ఇంజిన్ చచ్చిపోతోంది. ఆయన అచ్యుతాపురంలో ఓ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఫిట్టరు, యాభై దాటినవాడు. కంపెనీ బస్సు పర్మనెంటు వాళ్ళకే. పొద్దున్న ఆరింటికి గేటు దగ్గర ఉండాలంటే ఈ బండి తప్ప దిక్కులేదు.

"రెండుసార్లు లేటయిపోనాను సెల్లమ్మా. సోమారం కూడా లేటయితే గేటు పాసు తీసేసుకుంతానన్నాడు కాంట్రాక్టరు. ఈ వయసులో నన్నెవడు పెట్టుకుంతాడు?" అన్నాడు.

పక్క షెడ్డు సింహాచలం అప్పటికే తీర్పు చెప్పేశాడు. "పిస్టన్ రింగులు పోనాయి బావా. ఇంజిన్ బోరు సేయించాల. వారం పడతాది." బండి నా దగ్గరికొచ్చిందని వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఈ గుంటకి కార్బ్యురేటరేటి తెలుస్తాది?"

నాకు నలభై రెండేళ్ళు. ఆడపిల్లని పిలిచినట్టు గుంటనట! ఒళ్ళు మండిపోయింది.

ప్లగ్గు విప్పి చూస్తే తడిగా, మసి పట్టి ఉంది. అంటే పెట్రోలు ఎక్కువ వెళ్తోంది. గాలినీ పెట్రోలునీ కొలతగా కలిపి ఇంజిన్‌కి పంపేది కార్బ్యురేటర్. ఆ కొలత నిలిపేది జెట్, నడుమ సన్నని చిల్లున్న చిన్న ఇత్తడి మర. రెండు జెట్లనూ వెలుతురుకి ఎత్తి చూశాను. చిల్లులు గీసుకుపోయి పెద్దవయ్యాయి.

"అన్నా, వీటిని పొడిసిందెవరు?"

"నానే. పెతీ ఆదివారం కూకుని క్లచ్చి వైరు పోగుతో శుభ్రం సేత్తన్నాను. చెత్త అడ్డం పడిపోద్దని."

"జెట్టుని తీగతో పొడుత్తారేటన్నా! పెట్రోల్లో నానబెట్టి గాలి కొట్టాల, అంతే. బాగు సేత్తన్నాననుకుని నువ్వే సంపేత్తన్నావ్!"

పాపం, తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకున్నాడు. ఇంజిన్‌కి ఏ రోగమూ లేదు. నాన్న దాచిన డబ్బాలో అదే నంబరు జెట్ల జత దొరికింది. రెండు కార్బ్యురేటర్లూ విప్పి కడగడం మొదలుపెట్టాను.

నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఎడమ కార్బ్యురేటర్ సామాను ఒక పళ్ళెంలో, కుడిది వేరే పళ్ళెంలో. "కలిపావో, కొంప మునుగుతాది" అనేవాడు. ఆ రోజు సింహాచలం ఒక్కో మాటా విసురుతుంటే రెండింతలు తిప్పికొడుతూ, చేతులు ఏం చేస్తున్నాయో చూసుకోలేదు. రెండు స్లైడ్లూ ఒకే పళ్ళెంలో కిరసనాయిల్లో పడేశాను. యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలికి దారి ఇచ్చేది స్లైడు. దాని అడుగున ఏటవాలు కోత ఉంటుంది. అది గాలి వచ్చే వైపే ఉండాలి; ఎడమదీ కుడిదీ మారితే వెనక్కి తిరిగిపోతుంది.

అన్నీ బిగించి కిక్ కొట్టాను. బండి స్టార్టయి, ఖళ్ళు ఖళ్ళున దగ్గి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే.

"సెప్పినానా బావా?" సింహాచలం పగలబడి నవ్వాడు. సందులో జనం పోగయ్యారు.

అప్పలరాజు మొహం పాలిపోయింది. "పోనీ... ఆడికే ఇచ్చీమంతావా సెల్లమ్మా?"

కార్బ్యురేటర్ల మూతలు విప్పి చూశాను. ఎడమ స్లైడు కుడికీ, కుడిది ఎడమకీ వెళ్ళాయి. కోతలు రెండూ ఇంజిన్ వైపు తిరిగి ఉన్నాయి. మూత బిగించేసి, ఇంకేదో వంక చెప్పొచ్చు. మా వృత్తిలో వంకలకేం కరువు! కానీ ఆ మనిషి మొహం చూసి అబద్ధం నోట రాలేదు. స్లైడు చేత్తో పట్టుకుని అందరికీ వినబడేలా అన్నాను: "తప్పు నాదే. ఇయి తారుమారు పెట్టినాను. సరిసేసేదీ నానే. బండి మీద ఇంకెవడూ సెయ్యి ఎయ్యడానికి నేదు!"

గంట పట్టింది. ఈసారి రెండు పళ్ళేలు, నోరు మూసుకుని పని. మొదటి కిక్‌కే ఇంజిన్ అందుకుంది. అప్పలరాజు పావుగంట సేపు దాని పక్కనే నిలబడ్డాడు, ఎక్కడ ఆగిపోతుందోనని. అది ఆగలేదు. ఆయన జేబులో ఉన్న క్లచ్ వైరు పోగు అడిగి తీసుకుని మురిక్కాలవలో పారేశాను.

సోమవారం పొద్దున్న ఆరుకి పది నిమిషాలుందనగా ఫోను. "గేటు దాటేసినాను సెల్లమ్మా!" వెనక మెషిన్ల మోత. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

టీ కొట్టు దగ్గర సింహాచలం ఎదురుపడ్డాడు. "అంతమంది ముందు తప్పు నాదని ఒప్పేసుకుంతావేటి మేరీ? పరువు పోదేటి?"

"పోతే పోనీ. ఆయన ఉద్యోగం పోనేదు" అన్నాను.