మా చాటు భాష

నా కాలు ఒక చోట నిలవదు. మైకు ముందు కూర్చున్నా బల్ల కింద ఆడుతూనే ఉంటుంది. కోయంబత్తూరు ఎఫ్ఎం రేడియోలో పొద్దుటిపూట తమిళ పాప్ పాటల కార్యక్రమం నాది. మాట్లాడేదీ నేనే, ప్రొడ్యూసర్నీ నేనే. ఆ నెల కాలు మరీ ఎక్కువ ఆడింది. ఒక కొత్త గొంతును పట్టుకొచ్చి, మేమే పాట రికార్డు చేసి జనంలోకి వదలకపోతే నా గంటను చెన్నైలో రికార్డు చేసి పంపే గొంతుకు ఇచ్చేస్తానని మేనేజరు తేల్చి చెప్పాడు. ఆయన చెప్పిన తీరుకు ఒళ్ళు మండింది. భయమూ వేసింది.

మా ఇల్లు ఊళ్ళోనే, సింగానల్లూరులో. బడి అంతా తమిళం, ఇంట్లో మాత్రం తెలుగు. ఈ తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నవి. బయట ఎవరికీ అర్థం కాదు కనుక మాకు తెలుగు ఒక సౌకర్యం. చీరల కొట్టువాడి ఎదుటే అమ్మ నవ్వు చెదరకుండా, "రంగు నిలవదే, లేచి రా" అంటుంది. పాపం, వాడూ నవ్వుతాడు. బస్సులో పక్కవాళ్ళ నగల మీద మా వ్యాఖ్యానాలు ఇక చెప్పనక్కర్లేదు.

ఆ రోజు అతిథి మదురై వైపు ఆండిపట్టి నుంచి వచ్చిన అమ్మాయి. గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తమిళంలో ఏం అడిగినా "ఆమా మేడం", "ఇల్ల మేడం", అవును, కాదు, అంతే. ఇలాంటి మనిషితో గంట ఎలా ఈడ్చడం? వేరే పాట నడుస్తూ మైకు మూసి ఉండగా అమ్మ ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఎదుటే ఎత్తాను.

"ఒక పిల్ల వచ్చుండాది మా. నోరే తెరవదు. ఉప్పు లేని రసం. ఒక పాట పాడిచ్చి పంపిచ్చేస్తా."

అమ్మాయి తలవంచుకుని తీగలు సవరించుకుంటోంది.

తర్వాత పాడింది, తను కట్టుకున్న తమిళ పాట. గొంతులో కాస్త జీర ఉంది. రెండో చరణానికి నా కాలు ఆగిపోయింది. గడియారం చూడటం మరిచిపోయాను. మెసేజీలు వరస కట్టాయి. అద్దం అవతల మేనేజరు బొటనవేలు ఎత్తి చూపించాడు.

మైకు మూయగానే, ఈ పాట నేను ప్రొడ్యూస్ చేస్తాను, ఇంకెవరికీ ఇవ్వకు అని తమిళంలోనే బతిమాలాను. మదురైలో ఒకరు అడుగుతున్నారు, ఇంట్లో అడిగి చెబుతానంది. నా ఎదుటే ఫోన్ తీసింది.

"మా, పాడేస్తిని. బాగా వచ్చె. ఈ అక్క నా పాట అడగతా ఉండాది."

అది అచ్చం మా ఇంటి తెలుగు.

"మనోళ్ళే మా. నేను ఉప్పు లేని రసమంట. వద్దులే, మదురైవాళ్ళకే ఇచ్చేస్తా."

గొంతు పెంచలేదు, నా వైపు చూడనూ లేదు. ఫోన్ పెట్టేసి, మర్యాదగా తమిళంలో, "ఇంట్లో వద్దంటున్నారు మేడం" అంది. గిటారు సంచిలో సర్దుకుంది. తెలుగులో ఒక్క మాట అనాలని ఎంత తపించానో! సిగ్గుతో తమిళంలోనే, ఫరవాలేదన్నట్టు, "పరవాయిల్ల మా" అన్నాను.

ఆమె వెళ్ళగానే మళ్ళీ అమ్మ ఫోన్.

"పంపిచ్చేస్తివా ఆ పిల్లని?"

"మన పిల్లే మా."

"వినెనా?"

"అంతా వినె."

మేనేజరు నవ్వుతూ తలుపు తోసుకుని వచ్చాడు, పాట మనదే కదా అంటూ.