గజ్జెలు కట్టుకుంటున్న దొరల పిల్ల

సెలవు మీద స్వదేశం వెళ్ళొచ్చిన దొరసాని గారు, రాజమండ్రి మిషన్ బడిలో పనిచేసే మా పంతులమ్మలందరికీ తలో బొమ్మ అట్ట తెచ్చారు. దారిలో ఏదో పెద్ద పట్నంలో మ్యూజియం చూసి, బయటికొచ్చే గుమ్మం దగ్గర అమ్ముతుంటే కొన్నారట. నా వంతుకు ఆటకత్తెలు వచ్చారు. దూదిపింజల్లాంటి గౌన్లు, చేత్తో అలికినట్టున్న రంగులు. ఒక పిల్ల వంగి కాలికేదో కట్టుకుంటోంది.

అట్టను గబుక్కున బోర్లించాను. మతం పుచ్చుకోకముందు మా అమ్మ ద్రాక్షారామం గుడిలో ఆడేదని బడి మొత్తంలో దొరసాని గారొక్కరికే తెలుసు. కావాలనే ఇచ్చారా? ఛీ, ఆవిడకంత తీరికెక్కడిది!

మంచం పట్టి ఉన్న అమ్మకు చూపించాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"గజ్జెలు కట్టుకుంటోందే ఈ పిల్ల! కళ్ళకద్దుకుందో లేదో మరి."

"గజ్జెలు కావమ్మా, జోళ్ళు. వాళ్ళు జోళ్ళతోనే ఆడతారట."

"జోళ్ళతోనా? హవ్వ!" అని నోరు నొక్కుకుంది. అట్టను మళ్ళీ కళ్ళ దగ్గరకు తెచ్చుకుంది. "అయితే వాళ్ళ దేశంలోనూ ఆడతారన్నమాట. బాప్తిస్మం నాడు పాపమని నా గజ్జెలు మీ దొరసానే తీసుకుంది గదే. ఒక్కసారి అడిగి పట్రా. కట్టుకోనులే, కాళ్ళ దగ్గర పెట్టు చాలు."

అడిగితే ఉద్యోగం ఏమవుతుందోనని వారం రోజులు నాన్చాను. నా పిరికితనానికి నాకే ఒళ్ళు మండేది. అమ్మ అన్నం మానేశాక వెళ్ళాను.

దొరసాని గారు కోప్పడలేదు. సంబరపడిపోయారు. "వాటినా? ఈసారి మా ఊరి మ్యూజియమునకు ఇచ్చితిని. అద్దాల పెట్టెలో ఉంచినారు. మీ తల్లిగారితో చెప్పుము, సంతోషించును" అన్నారు తన పుస్తకాల తెలుగులో.

"చిత్తమండి" అన్నాను. దారిలో ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఏమీ రాలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ పక్కింటావిడ చేత కాళ్ళు కడిగించుకుని, దుప్పటి మోకాళ్ళ దాకా లాక్కుని, రెండు పాదాలూ బయటపెట్టుకుని ఉంది.

"తెచ్చావుటే?"

"రేపిస్తారటమ్మా."

"సరేలే" అంది. పాదాలు మాత్రం లోపలికి తీసుకోలేదు.

తెల్లారేసరికి పోయింది. పాదాలు బయటే ఉన్నాయి. దుప్పటి నేనే కప్పాను.