బూజు పట్టని చోటు

దయ్యాల కథలు చెప్పేవాళ్ల దగ్గర నేను ఎక్కువసేపు కూర్చోను. నర్సుగా పనిచేసినదాన్ని. చనిపోయిన మనిషి కళ్లు మూసి, దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని పక్క మంచం మీది పేషెంటుకు మందు వేసిన రోజులు ఎన్నో ఉన్నాయి. పోయినవాళ్లు పోతారు, అంతేనని అప్పుడూ అనుకునేదాన్ని, ఇప్పుడూ అనుకుంటాను. కానీ కొండాపూర్‌లో మేము అద్దెకున్న ఇంటి బాత్రూమ్ గురించి మాత్రం అలా తేల్చి చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల చివరి సంగతి ఇది. మాదాపూర్ వైపు పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మా ఆయన వాటిలో ఒకదాని దగ్గర సైట్ సూపర్‌వైజర్. కొండాపూర్‌లో ఇళ్లు ఇంకా పలచగానే ఉండేవి. యాదమ్మ అనే ఆవిడ ఇంట్లో కింది భాగం తీసుకున్నాం. ఆవిడది ఆ ఊరే, పైభాగంలో ఉండేది.

మేం చేరిన కొన్నాళ్లకే మా చెల్లెలు కరుణ తణుకు నుంచి వచ్చేసింది. అమ్మా నాన్నా లేరు, నాకున్నది తనొక్కతే. అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పిన మాటలు విని టైపు చేసే ఉద్యోగాలు అప్పుడు కొత్త. అందులో చేరింది. సాయంత్రం వచ్చి, ఆ డాక్టర్లు ముక్కుతో మాట్లాడినట్టు మాట్లాడి మమ్మల్ని నవ్వించేది. నవ్వుతూ నవ్వుతూ ఆయాసపడేది. చిన్నప్పటి నుంచీ ఉన్న ఉబ్బసమే అనుకున్నాం.

ఆ వానాకాలంలో బాత్రూమ్‌లో బూజు మొదలైంది. బకెట్ పెట్టే పక్క గోడ మీద ముందు సన్నటి నల్లటి చుక్కలు. ఆ తర్వాత గోడంతా పరుచుకుంది. తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన. కరుణకు ఆ వాసన తగిలితే దగ్గు ఆగేది కాదు. డాక్టరు కూడా ఇంట్లో చెమ్మ లేకుండా చూసుకోమన్నాడు.

సెలవు రోజున ముక్కుకు గుడ్డ కట్టుకుని, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో గోడంతా రుద్దాను. అప్పుడే మొదటిసారి గమనించాను. గోడంతా నల్లగా ఉంది గానీ ఒక్కచోట బూజు లేదు. నా మోకాలికి కాస్త పైన, అరచేయంత మేర సున్నం తెల్లగా ఉంది. అంత కిందకి ఎవరి చెయ్యీ ఆనదు. సబ్బు నురగ పడి ఉంటుందిలే అనుకుని మిగతాది కడిగేశాను.

నెల తిరగకముందే బూజు మళ్లీ వచ్చింది. ఆ చోటు మాత్రం తెల్లగానే ఉంది.

మా ఆయన దీన్ని పంతంగా తీసుకున్నాడు. గోడలు కట్టించడమే ఆయన పని మరి. ప్లంబర్‌ని పిలిపించి చూపిస్తే, ఆ గోడలో అసలు పైపే లేదని తేలింది. గోడకు అవతల ఖాళీ స్థలం, మధ్యాహ్నమంతా ఎండ. అయినా ఒక పాలిథిన్ కవరు గోడకు అతికించి చుట్టూ టేపు వేశాడు. చెమ్మ గోడలోంచి వస్తుంటే కవరుకు లోపలి వైపు నీటి బిందువులు పడతాయి, గదిలోని ఆవిరి వల్లనైతే బయటి వైపు పడతాయి. కొన్ని రోజుల తర్వాత చూస్తే రెండు వైపులా పొడిగానే ఉంది. కవరు కింద మాత్రం బూజు పెరిగింది.

అప్పుడు ప్లాస్టర్ చెక్కించాడు. లోపలి ఇటుకలు కూడా పొడిగానే ఉన్నాయి. నీరు పట్టకుండా మందు కలిపిన సిమెంటుతో కొత్త ప్లాస్టర్ వేయించి, సున్నం కొట్టించి, వెంటిలేటర్ పెద్దది చేయించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాడు. ఆరేదాకా మేం పైన యాదమ్మ ఇంట్లో స్నానాలు చేశాం.

బూజు మళ్లీ వచ్చింది. తెల్లటి చోటూ వచ్చింది. మొదట్లో అది ఉత్త మరకలా ఉండేది. ఈసారి నాలుగు వేళ్లు, పక్కకు జరిగిన బొటనవేలు స్పష్టంగా తెలుస్తున్నాయి. ఆయన మూల నుంచి, నేల నుంచి టేపు పట్టి కొలిచి గుర్తు పెట్టుకున్నాడు. "అక్కడి ఇటుక బాగా కాలినదై ఉంటుంది, అందుకే పట్టట్లేదు" అన్నాడు. నాకూ ఆ మాట సబబుగానే అనిపించింది. ఆ చోట ఇటుకలు తీయించి కొత్తవి పెట్టించాడు. మళ్లీ ప్లాస్టర్, మళ్లీ సున్నం.

తర్వాతి బూజులోనూ ఆ చెయ్యి సరిగ్గా అదే కొలత దగ్గర ఉంది.

యాదమ్మ దిగి వచ్చి గడపలోనే నిలబడి చూసింది.

"గిదేంది నర్సమ్మా? గీ ఇల్లు నేను నిలబడి కట్టించిన. గింతవరకు గోడకు చుక్క బూజు రాలె."

"ఇంతకుముందు ఇక్కడెవరైనా..." అని ఆగిపోయాను.

"ఎవ్వరు చావలె ఈడ. నీ మీదొట్టు. మీరే మొదటి కిరాయోళ్లు." గుమ్మానికి నిమ్మకాయలు కడతానంది. వద్దన్నాను. మా పాస్టరు గారు వచ్చి కరుణ ఆరోగ్యం కోసం ప్రార్థన చేసి వెళ్లారు. గోడ గురించి ఆయనకు చెప్పలేదు.

అప్పటికే కరుణ పరిస్థితి మారిపోయింది. నాలుగు అడుగులు వేస్తే పెదాలు నీలంగా అయ్యేవి. మా ఆసుపత్రిలోనే పెద్ద డాక్టరుకు చూపించాను. ఉబ్బసం కాదన్నారు. చిన్నతనంలో వచ్చిన కీళ్ల జ్వరం గుండె కవాటాన్ని పాడుచేసిందట. ఆపరేషన్ సంగతి అడిగాను. "ఊపిరితిత్తుల్లో ప్రెషర్ బాగా పెరిగిపోయిందమ్మా. ఇప్పుడు తట్టుకోలేదు" అన్నారాయన. రిపోర్టులు చదవడం నాకు వచ్చు.

ఆ తర్వాత నేను బాత్రూమ్ గోడను మరింత పట్టుదలగా తోమడం మొదలుపెట్టాను. గోడకూ గుండెకూ సంబంధం లేదని తెలుసు. కానీ చేతనైంది అదొక్కటే.

కరుణ నిలబడి స్నానం చేయలేని రోజు వచ్చింది. ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చోబెట్టి నేనే నీళ్లు పోశాను. ఒళ్లు తుడిచి, "లే అమ్మా" అన్నాను. తను ఎడమ చెయ్యి గోడకు ఆనించి, దాని మీద బరువు వేసి లేవబోయింది.

ఆ చెయ్యి సరిగ్గా ఆ తెల్లటి చోట పడింది. వేళ్లు వేళ్లలో, బొటనవేలు బొటనవేలులో. అంచు చుట్టూ నల్లటి బూజు గీత గీసినట్టు ఉంది.

కరుణ కూడా చూసింది. భయపడలేదు.

"అక్కా, చూశావా, నేను పట్టుకోడానికి ఎవరో చోటు ఉంచారు."

నేను ఆ చెయ్యి తీసి నా భుజం మీద వేసుకున్నాను. మర్నాడు మళ్లీ అక్కడే పెట్టింది. ఆ తర్వాత నేను తీయలేదు.

ఏ ఆడమనిషి చెయ్యైనా అందులో పట్టొచ్చు కదా అనుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు నా చెయ్యి పెట్టి చూశాను. నా వేళ్లు పొడుగు. అంచు దాటి బూజులోకి వెళ్లాయి.

చలికాలంలో, ఒక మధ్యాహ్నం, నేను పనిచేసే వార్డులోనే కరుణ పోయింది. కళ్లు నేనే మూశాను.

ఇంటికొచ్చాక గోడ కడగడం మానేశాను. ఇక ఎవరి కోసం? ఎండలు ముదిరాక బూజు ఎండి మసిలా రాలిపోయింది. అందులో వింతేమీ లేదు. మళ్లీ వానలు వచ్చాయి. గట్టి వానలు. యాదమ్మ పైగదిలో కప్పు కూడా కారింది. మా బాత్రూమ్ గోడ మీద మాత్రం ఒక్క బూజు చుక్క కూడా రాలేదు.

నేను రోజూ చూసేదాన్ని. మొదట ఊరికే చూసేదాన్ని. తర్వాత ఎదురుచూశాను. ఫ్యాన్ ఆపేశాను. వెంటిలేటర్‌కు అట్ట అడ్డం పెట్టాను. చెంబుతో గోడ మీద నీళ్లు పోసేదాన్ని, తలుపు మూసి ఉంచేదాన్ని.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి నీళ్లు పోస్తుంటే మా ఆయన చూశాడు. అది పోవాలని ఎంత కష్టపడ్డాడో ఆయన. ఖాళీ అయిన బకెట్ నింపి నా పక్కన పెట్టాడు.

బూజు రాలేదు. ఆ ఏడాదే కాదు, మేం ఇల్లు ఖాళీ చేసి పక్కనే ఉన్న కొత్తగూడకు మారేదాకా రాలేదు.

పొడి గోడకు బూజు ఎందుకు పట్టిందో, అన్ని నీళ్లు పోసినా ఎందుకు పట్టలేదో, కరుణ స్టూలు మీద కూర్చోవడానికి ఎంతో ముందే ఆ చోటు ఎలా ఉందో నాకు తెలియదు. తెలిసినవాళ్లు చాలా కారణాలు చెప్పారు. అన్నీ విన్నాను.

సామాను లారీ ఎక్కించాక, ఆఖరిసారి ఆ గదిలోకి వెళ్లాం. ఆయన టేపుతో కొలిచి, "ఇక్కడే" అని వేలు పెట్టి చూపించాడు. వంగి చూశాను. పక్కన గోడ ఎలా ఉందో అక్కడా అలాగే ఉంది.